పదో తరగతి అమ్మాయిని మూడు వారాలు స్పెయిన్‌లో ఒక కుటుంబం ఇంట్లో ఉంచవచ్చా?

కొలంబస్_నాన్న (ఒహాయో)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. ఆరో తరగతి నుంచి బడిలో స్పానిష్ తీసుకుంది. ఈ జూన్‌లో వాళ్ళ టీచరు 18 మంది పిల్లలను స్పెయిన్‌లోని సలమాంకా అనే ఊరికి తీసుకువెళ్తున్నారు. మూడు వారాలు. పొద్దున భాషా పాఠశాలలో క్లాసులు, సాయంత్రం ఊరు చూడటం, తిండీ నిద్రా మాత్రం ఒక స్పానిష్ కుటుంబంతో వాళ్ళ ఇంట్లోనే. ఏ ఇల్లో ప్రయాణానికి రెండు వారాల ముందు గానీ చెప్పరట.

అమ్మాయి ఇప్పుడే పెట్టె సర్దుకునేలా ఉంది. నా భార్యకు మాత్రం ఈ సంగతి విన్నప్పటి నుంచి కంటి మీద కునుకు లేదు. గుంటూరులో మా అమ్మ ఫోను చేసినప్పుడల్లా ఒకటే అడుగుతోంది, "ఊరూ పేరూ తెలియని వాళ్ళింట్లో ఆడపిల్లను ఎలా వదిలిపెడతార్రా?" అని. ఏం చెప్పాలో నాకు తోచడం లేదు.

మేము శాకాహారులం. గుడ్డు కేకులో కలిస్తే తింటుంది, విడిగా పెడితే ముట్టదు. స్పెయిన్‌లో పంది మాంసం లేని ముద్ద ఉండదని విన్నాం. పైగా మేము ఇంకా హెచ్‌1బీ అనే ఉద్యోగ వీసా మీదే ఉన్నాం, పాపది భారత పాస్‌పోర్టు, హెచ్‌4 (మా మీద ఆధారపడినవాళ్ళకిచ్చే వీసా). వీటన్నిటికీ మించి, మూడు వారాల్లో భాష నిజంగా వస్తుందా, లేక ఇది ఖరీదైన విహారయాత్రేనా? నెలాఖరులోగా సంతకం పెట్టి డబ్బు కట్టాలి. పంపినవాళ్ళు, వెళ్ళివచ్చినవాళ్ళు దయచేసి చెప్పండి.

డాలస్_స్పానిష్_టీచర్

నమస్కారం అండీ. నేను టెక్సాస్‌లో హైస్కూలు పిల్లలకు స్పానిష్ చెబుతాను. పిల్లలను వెంటబెట్టుకుని సలమాంకాకు వెళ్ళడం నాకు అలవాటైన పని. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

ఊరి ఎంపిక చాలా మంచిది. మాడ్రిడ్‌కు వాయవ్యంగా 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం, బస్సులో రెండున్నర గంటలు. అక్కడి విశ్వవిద్యాలయం 1218లో మొదలైంది. స్పెయిన్‌లో ఇప్పటికీ నడుస్తున్న విశ్వవిద్యాలయాల్లో అదే అన్నిటికంటే పాతది. నెబ్రిహా అనే పండితుడు రాసిన స్పానిష్ వ్యాకరణం 1492లో అచ్చయింది కూడా ఈ ఊళ్ళోనే. విదేశీయులకు స్పానిష్ నేర్పడం అక్కడ ఊరికి ఊరే చేసే పని. కొట్టువాళ్ళు, బస్సు డ్రైవర్లు కూడా తడబడే విద్యార్థి మాట పూర్తయ్యేదాకా ఆగుతారు. పాత ఊరంతా కాలినడకన తిరగవచ్చు. అమెరికాలో ఎక్కడికి పోవాలన్నా అమ్మానాన్నల కారు కోసం చూసే పిల్ల అక్కడ పొద్దున్నే తలుపు తీసుకుని తనంతట తాను క్లాసుకు నడిచి వెళ్తుంది.

ఇక కుటుంబం. చాలా ఇళ్ళలో యాభై, అరవై ఏళ్ళ గృహిణి ఉంటుంది. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయారు, గది ఖాళీగా ఉంది, భాషా పాఠశాల డబ్బిస్తుంది. ఆమెకు ఇది ఆదాయం. అందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. మీరు చూడవలసింది, ఆమె పిల్లతో కలిసి కూర్చుని తింటుందా, లేక పళ్ళెం పెట్టి వెళ్ళిపోతుందా అన్నది. నా అనుభవంలో భాష అంతా ఆ భోజనాల బల్ల దగ్గరే వస్తుంది. క్లాసులో నేర్పేది ఇక్కడ మేమూ నేర్పగలం.

అందుకని టీచరును అడగండి. ఒక్కో ఇంట్లో ఎంతమంది విద్యార్థులు? ఇద్దరైతే, ఇద్దరూ ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళేనా? సాయంత్రం ఇంట్లో ఎవరుంటారు? ఇల్లు నచ్చకపోతే ఎన్ని గంటల్లో మారుస్తారు, ఆ నిర్ణయం ఎవరిది? మైనర్లతో పనిచేసేవారు లైంగిక నేరాల రికార్డు లేదన్న ధ్రువపత్రం చూపాలని స్పెయిన్‌లో 2015 నుంచి చట్టం ఉంది. ఇంట్లో ఉండే పెద్దలందరి దగ్గరా అది తీసుకున్నారా అని రాతపూర్వకంగా అడగండి. దీనికి సూటిగా జవాబివ్వని సంస్థతో నేనైతే పిల్లలను పంపను. మీ అమ్మగారికి కూడా ఈ కాగితం సంగతి చెప్పండి. ఆవిడ భయం న్యాయమైనది, దానికి ఆధారంతోనే జవాబు చెప్పాలి.

మూడు వారాల్లో వ్యాకరణం పెద్దగా పెరగదు. చెవి మాత్రం తెరుచుకుంటుంది. మొదటి వారం తల వాచిపోతుంది, రాత్రి ఎనిమిదికే నిద్ర ముంచుకొస్తుంది. రెండో వారం మధ్యలో ఎక్కడో, బల్ల దగ్గర ఇద్దరు తమలో తాము మాట్లాడుకుంటుంటే అర్థమవడం మొదలవుతుంది. ఉచ్చారణలో మన పిల్లలకు ఒక వరం ఉంది. స్పానిష్ త, ద, ప, క లు మన అక్షరాల్లాగే పలుకుతాయి, అచ్చులూ స్వచ్ఛంగా ఉంటాయి. ఇంగ్లీషు తప్ప వేరే భాష ఎరుగని పిల్లలు ఏళ్ళు కష్టపడే చోట తెలుగింటి పిల్లలు తేలిగ్గా దాటిపోతారు.

గోదావరి_గట్టు (సియాటిల్)

టీచరుగారి మీద గౌరవంతోనే అడుగుతున్నాను. అంత డబ్బుతో అమ్మాయి రాజమండ్రిలోనో గుంటూరులోనో వేసవి అంతా గడిపి రావచ్చు కదా? మన పిల్లల్లో ఎంతమంది నాయనమ్మతో పది నిమిషాలు తెలుగులో మాట్లాడగలరు? సలమాంకాలో ముక్కూ మొహం తెలియని ఆవిడతో స్పానిష్ మాట్లాడటానికి వేల డాలర్లు పోస్తాం, సొంత నాయనమ్మ ఫోను చేస్తే పిల్ల "బాగున్నాను" అని ఫోను అమ్మకిచ్చేస్తుంది. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. స్పానిష్ వద్దనడం లేదు. ముందు ఏది అన్నదే నా ప్రశ్న.

అరటికాయ_వేపుడు (న్యూజెర్సీ)

నేను తిండి సంగతి చెబుతాను. మావాడు రెండేళ్ళ కిందట ఇలాగే వెళ్ళాడు, అదే ఊరు. గుడ్డు కూడా తినని పిల్లాడు.

స్పెయిన్ ఇళ్ళలో మాంసం తినను అంటే చాలదు. వాళ్ళ లెక్కలో మాంసం అంటే కూరలో వేసిన పెద్ద ముక్క. సన్నగా తరిగి సూప్ మీద చల్లిన హామ్ (ఊరబెట్టిన పంది మాంసం) వాళ్ళకు మాంసంలా కనిపించదు, సలాడ్‌లో ట్యూనా చేప అయితే అసలే కనిపించదు. మావాడు వెళ్ళిన రెండో రోజు ఆవిడ ప్రేమగా పప్పు వండింది. సలమాంకా పక్కనే లా ఆర్మూన్యా అనే ప్రాంతం ఉంది, అక్కడి పప్పు దేశమంతటా పేరున్నది. మన మసూరు జాతిదే, పొట్టుతో ఉంటుంది, గింజ పెద్దది. ఆ పప్పులో చోరిసో అనే పంది మాంసం సాసేజ్ వేసి ఉడికించి, వడ్డించేటప్పుడు ముక్కలు తీసేసి పెట్టింది. పైన ఎర్రగా నూనె తేలుతోంది. వీడు బల్ల దగ్గర నోరు తెరవలేక రొట్టె, టమాటా తిని లేచాడు. ఆ రాత్రి ఫోను చేసి ఏడ్చాడు.

మేము ఆవిడకు ఫోను చేయలేదు, వాళ్ళ టీచరుకూ చేయలేదు. వాడినే చెప్పమన్నాం. ఏం చెప్పాలో స్పానిష్‌లో ముందు కాగితం మీద రాసుకోమన్నాం. హామ్ వద్దు, చోరిసో వద్దు, చేప వద్దు, ట్యూనా వద్దు, గుడ్డు వద్దు, మాంసం ఎముకలు ఉడికించిన నీళ్ళు వద్దు, తీసేసి పెట్టినా వద్దు, ఇది మా ఇంటి ఆచారం అని. ఆవిడ ఆ కాగితం చదివి, ఫ్రిజ్ తలుపుకు అంటించుకుందట. మర్నాటి నుంచి చిన్న గిన్నెలో పప్పు విడిగా. క్యారట్, వెల్లుల్లి, బిర్యానీ ఆకు, పొగ వాసన వచ్చే మిరపపొడి వేసి. వాడు ఇంటికొచ్చి ఆ పప్పు నన్ను చేయమని అడుగుతున్నాడు.

పాలకూర వేసిన శనగలు, గాజ్‌పాచో అనే చల్లటి టమాటా పులుసు, పీస్తో అనే వంకాయ టమాటా కూర, పాలన్నం, పళ్ళు, రొట్టె ఇవన్నీ దొరుకుతాయి. బంగాళాదుంప తోర్తీయా అనే అట్టు ప్రతి ఇంట్లోనూ చేస్తారు, కానీ అది గుడ్డుతోనే. మీ అమ్మాయి విడిగా గుడ్డు తినదు కాబట్టి ఆ మాట తప్పకుండా రాయించండి. దరఖాస్తులో శాకాహారి అన్న గడిలో టిక్కు పెట్టి ఊరుకోవద్దు.

ఇంకొకటి, వేళలు. మధ్యాహ్న భోజనం రెండున్నర, మూడు. రాత్రి భోజనం తొమ్మిదిన్నర, పది. మధ్యలో ఆకలేస్తే తినడానికి ఏమైనా పెట్టండి, లేకపోతే మొదటి నాలుగు రోజులు పిల్ల నీరసపడిపోతుంది.

ఆస్టిన్_అమ్మాయి

నమస్కారం. నేను గత వేసవిలో వెళ్ళాను, ఇప్పుడు పదకొండో తరగతి. మనబడిలో తెలుగు చదువుకున్నాను. ఇది నేనే రాశాను, అమ్మ తప్పులు దిద్దింది.

నా గదిలో ఇంకో అమెరికన్ అమ్మాయి ఉండేది. మంచిదే, కానీ తలుపు వేసుకుంటే ఇద్దరం ఇంగ్లీషే. ఒక ఇంట్లో ఒక్కరినే ఉంచమని అడగండి, అంకుల్. కుదరకపోతే బ్రెజిల్ నుంచో, జర్మనీ నుంచో వచ్చిన అమ్మాయితో ఉంచమనండి. అప్పుడు ఇద్దరికీ ఉమ్మడి భాష స్పానిషే అవుతుంది.

భోజనం దగ్గర మూడు గంటలకు టీవీలో వార్తలు పెట్టేవారు. మా హోస్ట్ అమ్మ వార్తలు చూస్తూ అందరినీ తిడుతుంది, మధ్యలో నన్ను "నువ్వేమంటావు?" అని అడుగుతుంది. మొదట్లో "అవును" అని తలూపేదాన్ని. ఆమె ఊరుకోదు. "ఎందుకు అవును?" అంటుంది. కారణం చెప్పేదాకా పండు చేతికివ్వదు.

నాకు బాగా గుర్తున్నది తలుపు. ఒక సాయంత్రం ఆమె చర్చికి వెళ్ళింది. నేను వచ్చి తాళం చెవి ఎంత తిప్పినా తలుపు రాలేదు. మెట్ల దీపం కాసేపటికి దానంతట అదే ఆరిపోతుంది, మళ్ళీ వెళ్ళి నొక్కాలి. చివరికి ఎదురింటి తలుపు కొట్టాను. ఒక ముసలాయన వచ్చారు, ఆయనకు చెవులు సరిగ్గా వినపడవు. నేనెవరిని, ఎవరింట్లో ఉంటున్నాను, ఆవిడ ఎక్కడికి వెళ్ళింది, తాళం ఏమవుతోంది అన్నీ గట్టిగా చెప్పాలి. భూతకాలం, వర్తమానం అన్నీ కలగాపులగం చేసి అరిచాను. ఆయన వచ్చి తలుపును ముందు తన వైపు లాగి, తర్వాత తాళం చెవి తిప్పారు. తెరుచుకుంది. బడిలో ఐదేళ్ళలో ఎప్పుడూ ఒక్కసారిగా అంత మాట్లాడలేదు.

గోదావరి_గట్టు అంకుల్, మీరు చెప్పింది నా గురించే అనిపించింది. ఏలూరులో మా అమ్మమ్మతో నేను తెలుగులో మాట్లాడేదాన్ని కాదు. అర్థమవుతుంది, కానీ నేను మాట్లాడితే చుట్టాలందరూ నవ్వుతారు. "దాని తెలుగు వినండి" అని పక్కగదిలో వాళ్ళను పిలుస్తారు. ప్రేమతోనే నవ్వుతారు, నాకు తెలుసు. అయినా నోరు మూసుకునేదాన్ని. సలమాంకాలో ఎవరూ నవ్వలేదు. తప్పు మాట్లాడినా అవతలి మనిషి వింటారని అక్కడ అలవాటైంది. తిరిగి వచ్చాక అమ్మమ్మకు నేనే ఫోను చేసి ఆ తలుపు కథ తెలుగులో చెప్పాను. తప్పులతోనే.

గోదావరి_గట్టు (సియాటిల్)

అమ్మా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మా ఇంట్లోనూ అలాగే నవ్వుతాం. పిల్లలు ఇంగ్లీషుకు మారిపోవడానికి అదీ ఒక కారణమని ఇప్పటిదాకా నాకు తట్టలేదు.

అయినా నా మాట మీద నేనున్నాను, కొంచెం మార్చి చెబుతాను. స్పెయిన్‌కు పంపేవాళ్ళు ఆ తర్వాతి వేసవిలో పిల్లను తాతగారింటికి కూడా ఇదే పద్ధతిలో పంపండి. అమ్మానాన్నలు వెంట లేకుండా, ఇంగ్లీషు తెలిసిన కజిన్స్ చుట్టూ లేకుండా. అవ్వతో కూర్చుని తినాలి, కూరగాయల బండి దగ్గర బేరం చేయాలి. వెళ్ళేముందు చుట్టాలందరికీ ఒక షరతు పెట్టండి, పిల్ల తెలుగుకు ఎవరూ నవ్వకూడదు అని.

మాడ్రిడ్_తెలుగు

ఇక్కడ ఉద్యోగరీత్యా స్థిరపడ్డవాణ్ణి. ఇంటి పద్ధతులు చెబితే అమ్మాయి మొదటి వారం తేలిగ్గా గడుస్తుంది.

దాదాపు అందరూ అపార్ట్‌మెంట్లలోనే ఉంటారు. ఇంట్లో వట్టికాళ్ళతో తిరగడం వాళ్ళకు వింత, జలుబు చేస్తుందంటారు. ఇంట్లో వేసుకోవడానికి ఒక జత చెప్పులు పెట్టండి. కిటికీలకు బయటివైపు చుట్టుకునే తడికెల్లాంటి తలుపులు ఉంటాయి, పెర్సియానా అంటారు. పగలు ఎండకు వాటిని దించేసి, రాత్రి ఎత్తుతారు. చాలా ఇళ్ళలో ఏసీ ఉండదు, ఆ చీకటే చల్లదనం. సలమాంకా దాదాపు 800 మీటర్ల ఎత్తున ఉంది, జూన్‌లో మధ్యాహ్నం ఎండ మండినా రాత్రి పలుచటి స్వెట్టర్ కావలసి వస్తుంది.

స్నానం త్వరగా ముగించాలి. కొన్ని పాత ఇళ్ళలో నీళ్ళు కాగేది నారింజ రంగు గ్యాస్ సిలిండర్ మీద. అమెరికాలో లాగా అరగంట షవర్ కింద నిలబడితే ఆవిడ తలుపు కొడుతుంది. మన ఆడవాళ్ళు అడగడానికి మొహమాటపడే సంగతి కూడా చెబుతాను. చాలా బాత్రూముల్లో కమోడ్ పక్కనే బిడే ఉంటుంది, కడుక్కోవడానికి. లేని ఇంటికి ఒక చిన్న ప్లాస్టిక్ సీసా పెట్టెలో పడేయండి.

పలకరింపు రెండు బుగ్గల మీద ముద్దులతో. నిజానికి బుగ్గకు బుగ్గ తాకించడమే. ఇష్టం లేకపోతే నవ్వుతూ చెయ్యి చాపితే ఎవరూ తప్పుపట్టరు, అమ్మాయికి ఈ మాట ముందే చెప్పండి. ఇంటావిడను పేరు పెట్టి పిలవమంటారు. మన పిల్లలకు ఇది చాలా ఇబ్బంది, ఆంటీ అనకుండా నోరు రాదు. రెండు రోజుల్లో అలవాటవుతుంది.

ముఖ్యమైనది ఒకటి. భోజనం అయ్యాక వెంటనే లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోకూడదు. పళ్ళాలు తీశాక కూడా వీళ్ళు చాలాసేపు బల్ల దగ్గరే కూర్చుంటారు. గదిలోకి పోయే పిల్లను చూసి, ఈ అమ్మాయికి మేము నచ్చలేదేమో అనుకుంటారు. రాత్రి పదింటికి కూడా ప్లాసా మయోర్ అనే ఊరి నడిబొడ్డు కూడలిలో పసిపిల్లల నుంచి ముసలివాళ్ళదాకా తిరుగుతూ ఉంటారు. రాత్రి పదింటికి ఆడపిల్ల బయట ఉంది అని గుంటూరులో కంగారుపడవద్దు. అయినా బడివాళ్ళు పెట్టిన గడువు ఉంటుంది, అది పాటించాలి. అత్యవసరానికి నంబరు 112, ఫోనులో దాచుకోమనండి.

కాగితాల_పెట్టె (షార్లట్)

కొలంబస్_నాన్న గారూ, డబ్బు కట్టేముందు అమ్మాయి పాస్‌పోర్టు తెరిచి చూడండి. అమెరికా పాస్‌పోర్టు ఉన్న ఆమె క్లాసువాళ్ళకు వీసా అక్కర్లేదు, మీ అమ్మాయికి షెంగెన్ వీసా, అంటే స్పెయిన్ సహా చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా చెల్లే వీసా, కావాలి. ఆ తేడా చాలా బడులకు తెలియదు, మీరే చెప్పాలి.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, ఆలస్యమైతే కనీసం 15 రోజుల ముందు దాకా దరఖాస్తు చేయవచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, ఒక్కోసారి 45 దాకా పోతుంది. జూన్ రద్దీ కాలం, అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. కాబట్టి ఈ వారమే చూడండి. షెంగెన్ దేశాల నుంచి బయటికి వచ్చే తేదీ తర్వాత పాస్‌పోర్టు ఇంకా మూడు నెలలైనా చెల్లాలి. పిల్లల భారత పాస్‌పోర్టు ఐదేళ్ళకే అయిపోతుంది, ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. తల్లిదండ్రులిద్దరి సమ్మతిపత్రం నోటరీ చేయించి పెట్టండి. చదువు కోసం వెళ్ళే బడి పిల్లలకు, వెంట వెళ్ళే టీచర్లకు వీసా రుసుము మినహాయింపు షెంగెన్ నియమావళిలోనే ఉంది. దరఖాస్తు కేంద్రం తన సేవకు తీసుకునేది వేరు. బడి నుంచి, సలమాంకాలోని భాషా పాఠశాల నుంచి ఉత్తరాలు ఉంటేనే మినహాయింపు అడగగలరు.

అసలు గండం తిరుగు ప్రయాణం. హెచ్‌4 స్టాంపు (పాస్‌పోర్టులో అతికించే వీసా) గడువు అయిపోయి ఉంటే, ఐ‌797 అనే ఆమోదపత్రం ఒక్కటీ చేతిలో పెట్టుకుని స్పెయిన్ నుంచి అమెరికాలోకి రాలేదు. గడువు తీరిన స్టాంపుతో తిరిగి వచ్చే వెసులుబాటు ఉన్నది కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్ళివచ్చేవాళ్ళకు. పిల్ల గుంపుతో విమానాశ్రయం దాకా వచ్చి అక్కడ ఆగిపోయే పరిస్థితి తెచ్చుకోవద్దు. స్టాంపు తేదీ జూన్ నెలాఖరు దాటకపోతే, మనసు ఎంత ఒప్పుకోకపోయినా, ఈ ఏడాదికి వద్దనే నా సలహా.

పటమటవాసి (విజయవాడ)

మేము అవతలి పక్క. మా అబ్బాయి చదివే బడికి ఫ్రాన్స్‌లో ఒక బడితో మార్పిడి ఉంది. వాళ్ళ పిల్లలు ఇక్కడికి వచ్చి మన ఇళ్ళలో ఉంటారు, తర్వాత మన పిల్లలు అక్కడికి వెళ్ళి వాళ్ళ ఇళ్ళలో ఉంటారు. ఒక ఫ్రెంచి అమ్మాయి మా ఇంట్లో రెండు వారాలు ఉంది.

ఆతిథ్యమిచ్చేవాళ్ళకూ భయం ఉంటుందని చెప్పడానికి రాస్తున్నాను. ఏం పెట్టాలి, ఏం తింటుంది, జ్వరం వస్తే ఏమిటి గతి అని మా ఇంట్లో అత్తగారితో సహా ఎవరికీ స్తిమితం లేదు. మొదటి మూడు రోజులు ఆ పిల్లను కుర్చీలోంచి లేవనివ్వలేదు. తిను తిను అని పళ్ళెం నింపుతూనే ఉన్నాం. పాపం మొహమాటానికి తినేది. నాలుగో రోజు అత్తగారు వరండాలో గోరుచిక్కుళ్ళు తుంచుతుంటే వచ్చి పక్కన కూర్చుంది, తనూ తుంచడం మొదలుపెట్టింది. అత్తగారికి ఫ్రెంచి రాదు, ఇంగ్లీషు రాదు. కాయ చూపించి పేరు చెప్పేవారు, ఆ అమ్మాయి తిరిగి అనేది. మేము ఇంగ్లీషులో విజయవాడ చరిత్ర చెబుతుంటే వినని పిల్ల, అక్కడ గంటలు కూర్చునేది. కాబట్టి మీ అమ్మాయికి చెప్పండి, ఇంట్లో ఏదో ఒక పని అడిగి చేయమని. బల్ల సర్దడం, రొట్టె తేవడం, ఏదైనా సరే.

ఫోను గురించి కూడా. ఆమె తల్లి రోజూ రాత్రి వీడియో కాల్ చేసేది. అప్పటిదాకా నవ్వుతూ ఉన్న పిల్ల కాల్ అయ్యాక కళ్ళు తుడుచుకుంటూ వచ్చేది. వాళ్ళ టీచరు మాట్లాడి, వారానికి రెండుసార్లు చేశారు. రెండు రోజుల్లో తేడా కనిపించింది. ఆ టీచరే ఒక మాట చెప్పారు. 1963లో ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గోల్, పశ్చిమ జర్మనీ చాన్సలర్ అడెనావర్ సంతకాలు చేసిన ఒప్పందంతో ఫ్రాన్స్, జర్మనీ కలిసి యువజన కార్యాలయం పెట్టాయి, అప్పటి నుంచి లక్షల మంది పిల్లలు అటు ఇటు వెళ్ళి ఒకరి ఇళ్ళలో ఒకరు ఉంటున్నారు అని. ఆ టీచరు తాత జర్మనీ మీద యుద్ధం చేసినవాడట, ఆమె పదిహేనేళ్ళప్పుడు అక్కడే ఒక జర్మన్ ఇంట్లో వేసవి గడిపింది. మా మామగారు ఆ మాట విని అప్పటిదాకా ఉన్న సణుగుడు మానేశారు.

కొలంబస్_నాన్న (ఒహాయో)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. కాగితాల_పెట్టె గారూ, వెంటనే పాస్‌పోర్టు చూశాను. హెచ్‌4 స్టాంపు వచ్చే ఏడాది మార్చి దాకా ఉంది. పాస్‌పోర్టు మాత్రం ఈ అక్టోబరుకు అయిపోతుంది. జూన్ చివర తిరుగు ప్రయాణం కాబట్టి మూడు నెలల నిబంధన తప్పకపోయినా, అంచుమీద ఉంది. పునరుద్ధరణకు ఇవాళే దరఖాస్తు పెడుతున్నాం. కొత్తది వచ్చాక పాతది కూడా, స్టాంపు అందులోనే ఉంది కాబట్టి, వెంట పంపుతాం.

టీచరుతో మాట్లాడాను. ధ్రువపత్రాల సంగతి రాతపూర్వకంగా ఇస్తామన్నారు. ఒక ఇంట్లో ఒక్కరే అన్నది కుదరదట, భద్రత కోసం ఇద్దరిని ఉంచడం వాళ్ళ బడి నియమం. ఆ అమ్మాయి ఎవరో తెలిశాక ఇద్దరితోనూ కూర్చుని మాట్లాడతాం. మా అమ్మకు ఆస్టిన్ అమ్మాయి రాసినదంతా చదివి వినిపించాను. "సరే, వెళ్ళి రానీ, వచ్చాక నాకూ కథలు చెప్పాలి" అంది.

రెండు చిన్న ప్రశ్నలు. ఆ ఇంటికి ఏం కానుక పంపాలి? పాలకోవా పెడదామనుకున్నాం. ఇంకొకటి, అమ్మాయి జుట్టు ఆరబెట్టుకునే యంత్రం, ఫోను చార్జర్ అక్కడ పనిచేస్తాయా?

డాలస్_స్పానిష్_టీచర్

చాలా సంతోషం. పాలకోవా వద్దండీ. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తీసుకురాకూడదు. విమానాశ్రయంలో తీసి పడేస్తారు. ఒక కొండపల్లి బొమ్మ, లేదా మంగళగిరి నేతతో చిన్న బల్లగుడ్డ పంపండి. దానితో పాటు మీ ఇంటివాళ్ళ ఫోటోలు కొన్ని కాగితం మీద అచ్చు వేయించి ఇవ్వండి. మొదటి రాత్రి మాటలు దొరకనప్పుడు ఫోటోలు బల్ల మీద పెడితే "ఈవిడ ఎవరు, ఎక్కడుంటుంది" అని వాళ్ళే అడుగుతారు. నాయనమ్మగారి ఫోటో తప్పకుండా ఉండాలి.

స్పెయిన్‌లో కరెంటు 230 వోల్టులు, ప్లగ్గుకు రెండు గుండ్రటి పుల్లలు. ఫోను చార్జర్ మీద 100 నుంచి 240 అని రాసి ఉంటే చిన్న అడాప్టర్ చాలు. అమెరికాలో కొన్న హెయిర్ డ్రయర్ 120కి చేసినదైతే అడాప్టర్ పెట్టినా కాలిపోతుంది, ఆ ఇంటి ఫ్యూజు కూడా పోవచ్చు. అది ఇంట్లోనే వదిలేయమనండి. జూన్ ఎండకు బాల్కనీలో నిలబడితే పది నిమిషాల్లో జుట్టు ఆరిపోతుంది.